స్టోన్ హార్బర్ 35వ నంబరు కేంద్రం ఎవరి చేతుల్లో ఉండాలి

న్యూజెర్సీ రాష్ట్రపు దక్షిణ కొసన, కేప్ మే కౌంటీలో, సెవెన్ మైల్ బీచ్ అనే సన్నని ఇసుక దీవి మీద స్టోన్ హార్బర్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ రెండవ అవెన్యూలో, 117వ వీధికి దగ్గరగా, పక్కన చదరపు బురుజు ఉన్న ఒక పాత చెక్క భవనం కనిపిస్తుంది. చుట్టూ లక్షల డాలర్ల విలువ చేసే సెలవుల ఇళ్లు ఒకదానినొకటి తోసుకుంటూ నిలబడి ఉండగా, ఈ భవనం మాత్రం వేరే కాలం నుంచి వచ్చినట్టుగా ఉంటుంది. 1895లో అమెరికా ప్రభుత్వపు లైఫ్ సేవింగ్ సర్వీస్, అంటే ఒడ్డు దగ్గర ఓడలు ఇసుకలో దిగబడినప్పుడు అందులోని మనుషులను బయటికి లాగడానికి ఏర్పడిన సంస్థ, దీనిని తన కేంద్రంగా కట్టించింది. టేథమ్స్ కేంద్రమని, 35వ నంబరు కేంద్రమని దీనికి పేర్లు. తరువాత కోస్ట్‌గార్డ్ చేతికి వచ్చి, రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ప్రభుత్వానికి అక్కరలేనిదై, స్థానిక మాజీ సైనికుల సంఘం చేతికి చేరింది. ఇప్పుడది అమెరికన్ లీజన్ అనే జాతీయ మాజీ సైనికుల సంస్థకు 331వ పోస్టు, అంటే స్థానిక శాఖ. 2008లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాకు ఎక్కింది.

ఎడిసన్, ప్రిన్స్‌టన్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు వేసవిలో గార్డెన్ స్టేట్ పార్క్‌వే పట్టుకుని దక్షిణానికి దిగి ఈ తీరపట్టణాలకు వస్తూనే ఉంటాయి. అలా వచ్చిన మిత్రులలో ఒకరు ఈ భవనాన్ని చూసి అన్న మాట ఈ వ్యాసానికి కారణం: ఇంత చరిత్ర ఉన్న కట్టడాన్ని మ్యూజియం చేయకుండా ముసలి సైనికులు కూర్చుని బీరు తాగే క్లబ్బుగా వదిలేశారేమిటి అని. ఆ ప్రశ్న మర్యాదకు భిన్నంగా అనిపించినా అర్థం లేనిది కాదు. అయినా నేను దానికి ఎదురుగానే వాదిస్తాను. ఈ భవనం సంగతి తెలిసిన కొద్దీ, దానికి మాజీ సైనికులకంటే తగిన వారసులు లేరని నాకు అనిపిస్తోంది. వాళ్లకు ఏదో ఒక చోటు కావాలి కాబట్టి దీనిని ఇచ్చారన్నంత తేలికైన సంగతి కాదిది.

ముందుగా ఆ కేంద్రంలో జరిగిన పనిని గురించి చెప్పాలి. న్యూయార్క్ రేవుకూ, ఫిలడెల్ఫియాకు దారితీసే డెలావేర్ బేకూ మధ్యనున్న న్యూజెర్సీ తీరం తెరచాప ఓడలకు మృత్యుద్వారం లాంటిది. తూర్పు నుంచి గాలి గట్టిగా వీస్తే ఓడ ఒడ్డువైపు కొట్టుకువచ్చేది, ఒడ్డుకు కొన్ని వందల అడుగుల దూరంలో నీటి కింది ఇసుకమేటల మీద కూరుకుపోయేది, అలలు దానిని అక్కడే ముక్కలు చేసేవి. ఒడ్డున నిలబడినవాళ్లకు మనుషుల కేకలు వినబడేవి గానీ చేయగలిగింది ఉండేది కాదు. న్యూజెర్సీకి చెందిన ప్రతినిధి విలియం న్యూవెల్ పట్టుబట్టగా 1848లో కాంగ్రెస్ 10,000 డాలర్లు మంజూరు చేసింది. ఆ డబ్బుతో ఒడ్డు వెంట గుడిసెల వంటి కేంద్రాలు కట్టి పడవలూ తాళ్లూ పెట్టారు. 1850 జనవరిలో స్క్వాన్ బీచ్ దగ్గర ఎయిర్‌షైర్ అనే ఓడ చిక్కుకున్నప్పుడు, తాడు మీద జారే మూత ఉన్న ఇనుప పడవలో 202 మందిలో 201 మందిని ఒడ్డుకు చేర్చారు.

కానీ ఆ కేంద్రాలలో జీతగాళ్లు లేరు. తాళంచెవి ఎవరో ఒక ఊరి పెద్ద దగ్గర ఉండేది, ఆపద వచ్చినప్పుడు ఇరుగుపొరుగువారు పరుగెత్తుకు రావాలి. 1854 ఏప్రిల్‌లో లాంగ్ బీచ్ ఐలండ్ దగ్గర పౌహాటన్ అనే వలస ఓడ విరిగిపోయి రెండు వందలకు పైగా జనం పోయినప్పుడు, పరికరాలు ఉన్నంత మాత్రాన ప్రాణాలు దక్కవని తేలిపోయింది. అప్పుడు కేంద్రానికొక కీపరును ఏడాదికి 200 డాలర్లకు పెట్టారు. 1871లో సమ్నర్ కింబాల్ అనే అధికారి ఈ వ్యవస్థ పగ్గాలు పట్టిన తరువాతే కీపరుతో పాటు జీతానికి ఉండే సిబ్బంది, నియమాలు, కసరత్తులు స్థిరపడ్డాయి. సిబ్బందిలో ఒక్కొక్కరిని సర్ఫ్‌మన్ అనేవారు. సాధారణంగా కేంద్రానికి ఆరుగురు. మంగళవారం అలలలోకి పడవ దించడం, బుధవారం జెండాల సంకేతాలు, గురువారం తాడు ప్రయోగించే తుపాకీ సరంజామా, శుక్రవారం మునిగినవారికి ఊపిరి పోసే పద్ధతి, ఇలా వారంలో ప్రతి రోజుకూ ఒక పని నిర్ణయించి ఉండేది. లైల్ తుపాకీతో సన్నని తాడును ఓడ మీదికి పేల్చి, దాని వెంట లావు తాడు పంపి, దానికి వేలాడే బ్రీచెస్ బాయ్ అనే ఆసనంలో ఒక్కొక్కరినీ లాగేవారు. ఈ మొత్తం అమరికను కసరత్తులో ఐదు నిమిషాలలో పూర్తి చేయలేని సిబ్బందికి ఉద్యోగం దక్కడం కష్టం.

ఇక రాత్రి గస్తీ. ప్రతి కేంద్రం నుంచి ఒకరు ఉత్తరానికి, ఒకరు దక్షిణానికి తడి ఇసుక మీద నడిచి, పక్క కేంద్రం నుంచి ఎదురు వచ్చిన మనిషిని కలుసుకుని, ఇద్దరూ ఇత్తడి బిళ్లలు మార్చుకుని వెనక్కి తిరగాలి. నడిచాడనడానికి ఆ బిళ్లే సాక్ష్యం. తీరంలో వరుసగా కేంద్రాలు ఉన్నచోట ఈ నడక గొలుసులాగా మైళ్ల కొద్దీ సాగేది. 35వ కేంద్రానికి ఉత్తరాన టౌన్‌సెండ్స్ ఇన్లెట్, దక్షిణాన హియర్‌ఫర్డ్ ఇన్లెట్ కేంద్రాలు ఉండేవి. స్టోన్ హార్బర్ పట్టణంగా ఏర్పడింది 1914లో. అంటే ఈ భవనం ఆ పట్టణం కంటే పంతొమ్మిదేళ్లు పెద్దది. మొదట వచ్చిన సిబ్బందికి చుట్టూ ఉన్నవి ఇసుకదిబ్బలు, ఉప్పుగడ్డి మైదానాలే.

భవనం ఆకారం కూడా ఆ పని నుంచే వచ్చింది. జార్జ్ టోల్మన్ అనే వాస్తుశిల్పి గీసిన ఈ నమూనాకు, మొదటిది మిన్నెసోటాలోని డులూత్‌లో కట్టారు కాబట్టి, డులూత్ నమూనా అని పేరు. నివాసపు గదులు ఒక పక్క, వెడల్పు తలుపులతో పడవల గది మరో పక్క, రెంటికీ కలిసేచోట నాలుగు అంతస్తుల చదరపు బురుజు. పగలంతా ఒకరు ఆ బురుజులో ఉండి సముద్రం చూస్తుండాలి. కాపలా ఉన్నవాడికి నిద్ర పట్టకూడదు కాబట్టి చాలా కేంద్రాలలో అక్కడ కుర్చీ కూడా వేసేవారు కాదంటారు. అలంకారంగా కనిపించే ఆ బురుజు నిజానికి ఒక కొలువు.

1871 నుంచి 1914 వరకు దేశమంతటా ఈ సంస్థ 28,121 నౌకలకు తోడ్పడింది, 1,78,741 మందిని కాపాడింది లేదా ఆదుకుంది. ఈ లెక్క చెప్పేవారు సాధారణంగా ఇక్కడ ఆగి చప్పట్లు కొడతారు. నాకు ముఖ్యమనిపించేది మాత్రం ఆ తరువాతి సంగతి. ఈ పని చేసినవారికి పింఛను లేదు. వయసు మీద పడినా, చల్లని నీళ్లలో నానిన కీళ్లు పట్టుకుపోయినా, ఛాతీ జబ్బు చేసినా, ఇంటికి పొమ్మనడమే. 1882 నాటి చట్టం పని మీద గాయపడినవారికి ఏడాది, ఎక్కువలో ఎక్కువ రెండేళ్లు జీతం ఇమ్మంది. ప్రాణం పోతే భార్యాబిడ్డలకు రెండేళ్లు. అంతే. వాళ్లు సైనికులు కారు, పౌర ఉద్యోగులు అన్నది ప్రభుత్వం చూపించిన కారణం. కింబాల్ ఏళ్ల తరబడి తన వార్షిక నివేదికలలో ఈ విషయం రాస్తూనే ఉన్నాడు, కాంగ్రెస్ వాయిదా వేస్తూనే ఉంది. జీతాలు తక్కువ, చివరికి దిక్కు లేదు అని తెలిసిన కుర్రాళ్లు రావడం మానేశారు, ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. చివరకు 1915 జనవరి 28న ప్రెసిడెంట్ విల్సన్ సంతకంతో లైఫ్ సేవింగ్ సర్వీసునూ, సుంకాల నౌకాదళమైన రెవెన్యూ కట్టర్ సర్వీసునూ కలిపి కోస్ట్‌గార్డ్‌ను ఏర్పాటు చేశారు. కొత్త దళం సాయుధ దళాలలో భాగం. ముప్పై ఏళ్లు పనిచేసిన సర్ఫ్‌మన్‌కు మూడు వంతుల జీతంతో విశ్రాంతి దొరికింది. సంస్థ పేరు మాయమవడమే ఆ పింఛనుకు వెల.

అందుచేత, ఈ బురుజు కింద నేడు మాజీ సైనికులు సమావేశమవుతున్నారంటే దానిని యాదృచ్ఛికమని కొట్టిపారేయలేము. ప్రమాదంలోకి పంపిన మనిషికి పంపిన దేశం ఏమి బాకీపడుతుంది అన్న ప్రశ్న ఆ గోడల మధ్య కాపురం చేసి, 1915లో సగం జవాబు పొందింది. మిగతా సగం కోసం పోరాడినది అమెరికన్ లీజన్ లాంటి సంఘాలే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919 మార్చిలో పారిస్‌లో ఉన్న అమెరికన్ సైనికులు ఈ సంస్థకు రూపం ఇచ్చారు. అదే ఏడు సెప్టెంబరులో కాంగ్రెస్ గుర్తింపు వచ్చింది. రెండవ యుద్ధం నడుస్తుండగా లీజన్ మాజీ జాతీయ కమాండరు హ్యారీ కోల్‌మెరీ వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్లో కూర్చుని చేతిరాతతో తయారుచేసిన ముసాయిదాయే 1944 జూన్ 22న జీఐ బిల్ అనే చట్టమైంది. చదువు, ఇంటి అప్పు, నిరుద్యోగ భృతి, ఇవన్నీ ఆ చట్టం సైనికుడికి హక్కుగా ఇచ్చింది. అమెరికాలో మధ్యతరగతి ఎలా పెరిగిందో చెప్పే ఏ చరిత్రా ఆ చట్టాన్ని దాటి వెళ్లలేదు.

ఈ సంఘాన్ని నేను దేవుణ్ణి చేయడం లేదు. 1932లో, మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినందుకు ఇస్తామన్న బోనస్ డబ్బు వెంటనే ఇవ్వమని వేల మంది మాజీ సైనికులు కుటుంబాలతో వాషింగ్టన్‌లో గుడారాలు వేసుకున్నప్పుడు లీజన్ జాతీయ నాయకత్వం వారి వెనక నిలబడలేదు. జూలై 28న సొంత సైన్యమే వాళ్లను తరిమికొట్టింది. దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతి సైనికులకు పోస్టులలో చోటు దొరకని కాలం చాలా ఉంది, జీఐ బిల్ ఫలాలు కూడా వాళ్లకు సరిగా అందలేదు. ఇక్కడ నాకు నార్త్ కరొలైనాలోని పీ ఐలండ్ కేంద్రం గుర్తుకు వస్తుంది. అంతర్యుద్ధంలో నల్లజాతి దళంలో పోరాడిన రిచర్డ్ ఎథరిడ్జ్ 1880లో దానికి కీపరు అయ్యాడు. ఆయన కింద పనిచేసినవారంతా నల్లవారే. 1896 అక్టోబరు తుపానులో ఈఎస్ న్యూమన్ అనే ఓడలోని తొమ్మిది మందినీ వాళ్లు నడుముకు తాడు కట్టుకుని ఈది కాపాడారు. ఆ సాహసానికి బంగారు పతకం ఇవ్వడానికి ప్రభుత్వానికి నూరేళ్లు పట్టింది. మాజీ సైనికుడే ప్రాణరక్షకుడైన కథ అది. గౌరవం అందరికీ ఒకే వేళకు అందదనడానికీ అదే సాక్ష్యం. లీజన్ పోస్టు గోడ మీద ఇలాంటి పేర్లకు కూడా చోటు ఉండాలని నేను కోరుకుంటాను.

ఇక మ్యూజియం వాదానికి వద్దాం. మ్యూజియాలు వద్దనను. ఇదే తీరంలో ఓషన్ సిటీ పట్టణం తన 30వ నంబరు కేంద్రాన్ని ప్రైవేటు చేతుల నుంచి కొని బాగుచేసి ప్రదర్శనశాల చేసుకుంది, మన్మత్ బీచ్‌లోని 1895 నాటి కేంద్రం సాంస్కృతిక కేంద్రమైంది. రెండూ మెచ్చుకోదగినవే. అయితే ఉప్పుగాలిలో చెక్క భవనాన్ని నిలబెట్టేది ఒకసారి చేసే పెద్ద మరమ్మతు కాదు, ప్రతి చలికాలం ఎవరో ఒకరు లోపల ఉండి, పొయ్యి వెలిగించి, కారుతున్న మూలను అదే రోజు చూడడం. స్టోన్ హార్బర్ జనాభా 2020 జనగణనలో 800 కంటే తక్కువ. వేసవిలో ఎన్నో రెట్లు పెరిగే ఊరు అక్టోబరు దాటితే ఖాళీ అవుతుంది. అలాంటి చోట జనవరిలో మ్యూజియానికి ఎవరు వస్తారు? పోస్టుకు మాత్రం సభ్యులు వస్తారు, ఎందుకంటే వాళ్లు ఆ భవనాన్ని చూడడానికి రారు, ఒకరినొకరు చూడడానికి వస్తారు. సైనికుల ఆసుపత్రికి దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పే సర్వీస్ ఆఫీసరు, సమావేశాలలో తిరిగి రాని యుద్ధఖైదీల కోసం ఖాళీగా ఉంచే కుర్చీ, చచ్చిపోయిన సభ్యుడి కుటుంబానికి మడిచిన జెండా, చిరిగిన జెండాలను మర్యాదగా దహనం చేసే ఆచారం, చివరకు మిత్రుడు ఎగతాళి చేసిన ఆ బీరు, ఇవన్నీ కలిస్తేనే పోస్టు. బీరు అమ్మిన డబ్బు పైకప్పుకు వెళుతుందంటే నాకు అభ్యంతరం ఏమీ లేదు.

బందరు కోటలో డచ్చివారి నాటి ఆయుధశాల, గిడ్డంగుల శిథిలాలు చూసిన తెలుగువారికి నేను చెప్పేది తొందరగానే అర్థమవుతుంది. అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవే. నీలం రంగు బోర్డు కూడా ఉంటుంది. లేనిదల్లా దీపం పెట్టే దిక్కు. తాడేపల్లిగూడెం దగ్గర, పేరులోనే సైన్యాన్ని మోస్తున్న మిలిటరీ మాధవరం వంటి ఊరు ఉన్న రాష్ట్రంలో, మాజీ సైనికుల సంఘాలు కూర్చోవడానికి చోటు వెతుక్కోవడమూ, పాత ప్రభుత్వ భవనాలు మొక్కలు మొలిచి కూలడమూ ఒకేసారి జరుగుతూ ఉంటాయి. ఆ రెంటినీ ఎవరూ కలిపి ఆలోచించినట్టు కనబడదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మరొకటి ఉంది, అది నా మిత్రుడు అడగనిది. ఈ సంఘాలు తగ్గిపోతున్నాయి. రెండవ యుద్ధం ముగిసిన వెంటనే 30 లక్షలు దాటిన లీజన్ సభ్యత్వం నేడు 20 లక్షల లోపే. తప్పనిసరి సైనిక నియామకం 1973లో ఆగిపోయింది కాబట్టి కొత్త తరంలో సైన్యానికి వెళ్లినవారే తక్కువ. 1941 డిసెంబరు 7 తరువాత ఎప్పుడు పనిచేసినా సభ్యులు కావచ్చునని 2019లో చట్టం మార్చడం వల్ల కొంత ఊపిరి వచ్చింది. దక్షిణాన కొద్ది మైళ్లలోనే కేప్ మేలో కోస్ట్‌గార్డ్ కొత్త సిపాయిలకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉండడం ఈ పోస్టుకు ఉన్న అదృష్టం. ఆ దళం పుట్టిన పద్ధతికి సాక్ష్యమైన ఇల్లు వాళ్లకు ఇంత దగ్గరలో ఉంది. అయినా ఒకనాడు సభ్యులు పదిమంది మిగిలితే, సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ స్థలానికి వచ్చే ధర ఎవరినైనా కదిలించగలదు.

జాతీయ జాబితాలో పేరు ఉంది కదా అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. యజమాని తన సొంత డబ్బుతో తన భవనాన్ని మార్చుకున్నా, పడగొట్టుకున్నా ఆ జాబితా అడ్డుపడదు. న్యూజెర్సీ రాష్ట్ర జాబితా ప్రభుత్వాలు చేసే పనులను అడ్డుకోగలదు, ప్రైవేటు యజమానిని కాదు. చారిత్రక భవనాల మరమ్మతుకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే 20 శాతం పన్ను రాయితీ ఆదాయం తెచ్చే కట్టడాలకు మాత్రమే. ఆదాయపు పన్నే కట్టని మాజీ సైనికుల సంఘానికి దానితో నేరుగా ఒరిగేది లేదు. ఒక మేలు మాత్రం ఉంది: వరద బీమా నియమాల ప్రకారం విలువలో సగానికి మించి మరమ్మతు చేసే ఇళ్లను ఎత్తు పెంచి తీరాలి, చారిత్రక కట్టడాలకు ఊరు ఆ నియమం నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను బ్రిగంటీన్ దగ్గర తీరం దాటిన తరువాత ఈ తీరమంతా ఇళ్లు స్తంభాల మీదికి ఎక్కాయి. ఈ మినహాయింపు లేకపోతే ఇలాంటి కేంద్రాలు కాళ్ల మీద నిలబడిన కొంగల్లా మారేవి. అయితే మినహాయింపు వరదను ఆపదు. 1962 మార్చి నాటి తుపాను మూడు రోజుల పాటు ఈ కౌంటీ దీవులను ఎలా మింగిందో అక్కడి పెద్దలు ఇంకా చెబుతారు.

కాబట్టి ఇలాంటి భవనం ఉన్న ఏ పోస్టైనా బలంగా ఉన్నప్పుడే ఒక పని చేసుకోవాలని నా వాదన. న్యూజెర్సీలో 1979 నుంచి చారిత్రక పరిరక్షణ షరతును ఆస్తి పత్రాలకు జతచేసే చట్టం ఉంది. యజమాని తన ఇష్టంతో ఆ షరతు రాసిస్తే, తరువాత ఎవరు కొన్నా బురుజునూ పడవల గదినీ కూల్చే హక్కు వారికి ఉండదు. దానివల్ల అమ్మకం ధర తగ్గుతుందని కొందరు సభ్యులు గొణగవచ్చు. ధర తగ్గడమే దాని ప్రయోజనం. దానితో పాటు, పోస్టు మూతపడే పరిస్థితి వస్తే మొదట కొనే హక్కు పట్టణానిదని ఒక ఒప్పందం, ఆ హక్కును వాడుకోవడానికి పట్టణ బడ్జెట్‌లో ఏటా కొంత పక్కన పెట్టడం, ఈ రెండూ ఉండాలి. బదులుగా పోస్టు వేసవి నెలల్లో బురుజు మెట్లను పిల్లలకు తెరిచి ఉంచాలి, లైల్ తుపాకీ ఎలా పనిచేసేదో చెప్పగల సభ్యుడిని ఒకరిని తయారుచేసుకోవాలి. షరతు మీద సంతకం పెట్టవలసింది సభ్యులు, డబ్బు పక్కన పెట్టవలసింది వేసవి ఇళ్ల ఆస్తిపన్నుతో నిండే పట్టణ ఖజానా. ఇందులో రెండవదే కష్టమని నా అనుమానం.